పడవకు కొత్త మోటారు: కొనే ముందు చూసుకోవలసిన లెక్కలు

ఈ శీర్షికలో సాధారణంగా ఎరువులు, కాలవ నీళ్లు, గిట్టుబాటు ధరల గురించి రాస్తుంటాం. ఈసారి తీరం మీద బతికేవాళ్ల సంగతి రాస్తున్నాం. చిన్న రైతు ముంగిట్లోకి ట్రాక్టరు వచ్చినప్పుడు ఏయే చిక్కులు తలెత్తాయో, ఈ రోజున చిన్న పడవ యజమానికి మోటారు దగ్గర దాదాపు అవే తలెత్తుతున్నాయి.

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన ఒడ్డున ఎక్కువగా కనబడేది ఫైబర్ తెప్ప, దాని వెనక పొడుగు కడ్డీ చివర పంకా తిరిగే డీజిలు ఇంజను. దీని స్థానంలో నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఔట్ బోర్డ్ మోటారు పెట్టుకోమని డీలర్లు చెబుతున్నారు. పొగ రాదు, చెవులు చిల్లులు పడే మోత ఉండదు, పెట్రోల్లో ఆయిలు కలపక్కర్లేదు, పాత రెండు స్ట్రోకుల మోటారు కన్నా తక్కువ తాగుతుంది అంటున్నారు. ఇవన్నీ నిజాలే. కాని డీలరు చెప్పనివి కూడా కొన్ని ఉన్నాయి.

అసలు ఈ మార్పు ఎక్కడ మొదలైంది? అమెరికాలో ఎవిన్రూడ్ అనే ఆయన 1909లో ఔట్ బోర్డ్ మోటార్ల వ్యాపారం పెట్టిన నాటి నుంచి దాదాపు తొంభై ఏళ్లపాటు రెండు స్ట్రోకుల మోటారే రాజ్యం చేసింది. దాని నిర్మాణం తేలిక, బరువు తక్కువ. లోపం ఏమిటంటే, కాలిన పొగను బయటికి నెట్టడానికి కొత్త పెట్రోలు ఆవిరి లోపలికి వచ్చేటప్పుడే, అందులో కొంత కాలకుండానే పొగతోపాటు బయటికి పోతుంది. పాత కార్బురేటర్ మోటార్లలో ఇలా పావు వంతు దాకా ఇంధనం నీళ్లపాలవుతుంది. తమ సరస్సులు పాడవుతున్నాయని అమెరికా 1996లో నిబంధనలు తెచ్చింది, 2003లో యూరప్ తెచ్చింది. కంపెనీలు నాలుగు స్ట్రోకులకూ, ఫ్యూయల్ ఇంజెక్షనుకూ మారాయి. ఎవిన్రూడ్ పేరుతో వచ్చే మోటార్ల తయారీయే 2020లో ఆగిపోయింది. అయితే ఆ దేశాల్లో అమ్మడానికి వీల్లేని పాత రకం మోటార్లను కంపెనీలు ఆసియా, ఆఫ్రికా మత్స్యకారులకు ఆ తరవాత కూడా అమ్ముతూనే వచ్చాయి. వాళ్ల సరస్సులు వేరు, మన సముద్రం వేరు కాబోలు!

మన దగ్గర కథ వేరుగా నడిచింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాతం మత్స్య కార్యక్రమం, కెరటాలు దాటి ఇసక మీదికి ఎక్కే పడవలకు ఎలాంటి ఇంజను సరిపోతుందా అని చాలా ప్రయోగాలు చేసింది. రేవులు లేని ఒడ్డు కనక ఒడ్డుకు చేరేటప్పుడు పంకా పైకి లేవాలి, ఇంజను ఆగకూడదు. పొడుగు కడ్డీ డీజిలు ఇంజను ఈ పని చేస్తుంది. పైగా అది గాలితో చల్లబడే ఇంజను. ఔట్ బోర్డ్ మోటారు సముద్రపు నీటిని పీల్చుకుని చల్లబడుతుంది. కెరటాలు విరిగే చోట ఆ నీళ్లతోపాటు ఇసకా లోపలికి పోతుంది, పంపులోని రబ్బరు చక్రం అరిగిపోతుంది. చక్రం అరిగితే నీళ్లు అందవు, ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. వెనకవైపు సన్నగా ధార కడుతూ నీళ్లు పడుతున్నాయా లేదా అని ఔట్ బోర్డ్ ఉన్నవాళ్లు ప్రతి వేటకూ చూసుకోవాలి. వేట నుంచి వచ్చాక మంచినీళ్లు ఎక్కించి కడగాలి. తాగే నీళ్లకే బిందెలు వరసపెట్టే మన మత్స్యకార గ్రామాల్లో మోటారుకు మంచినీళ్లెక్కడివని ఏ డీలరూ ఆలోచించడు.

ఇక బరువు. 15 అశ్వశక్తి రెండు స్ట్రోకుల మోటారు సుమారు 36 నుంచి 40 కిలోలుంటే, అదే శక్తిగల నాలుగు స్ట్రోకులది 45, 50 కిలోల దాకా తూగుతుంది. డీజిలు ఇంజను ఇంకా బరువే అనుకోండి. కాని పాత పెట్రోలు మోటారును ఒక మనిషి భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోయినట్టు దీన్ని తీసుకుపోవడం కష్టం. తీసుకుపోయినా ఎటుపడితే అటు పడుకోబెట్టకూడదు. కంపెనీ చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి, లేకపోతే అడుగునున్న ఆయిలు సిలిండర్లోకి పోతుంది. పడవ తిరగబడి మోటారు మునిగిందా, పని పెరుగుతుంది. రెండు స్ట్రోకులదైతే ప్లగ్గు ఊడదీసి, నీళ్లు వంచి, ఆరబెట్టి, ఆ పూటే స్టార్టు చేసిన మేస్త్రీలున్నారు. నాలుగు స్ట్రోకుల దాంట్లో ఉప్పునీళ్లు కలిసిన ఆయిలును తీసి, కొత్తది పోసి తిప్పి, మళ్లీ తీసి మార్చాలి. అందులో ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటే దానికి ఏమైందో మేస్త్రీ కంటికి కనపడదు. కంపెనీ వాళ్ల కంప్యూటరు తగిలించి చూడాలి. ఆ కంప్యూటరు ఏ ఊళ్లో ఉంది? బేరం చేసేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఇదేనని మా అభిప్రాయం.

పెట్రోలు సంగతి ఇంకా ముఖ్యం. 2025 నుంచి మన దేశంలో బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఔట్ బోర్డ్ కంపెనీలు చాలా వరకు 10 శాతం మించకూడదని తమ పుస్తకాల్లో రాస్తాయి. ఇథనాల్ తేమను లాక్కుంటుంది. సముద్రపు గాలిలో సగం ఖాళీగా ఉన్న టాంకులో రోజుల తరబడి నిలవ ఉంటే నీళ్లూ ఇథనాలూ విడిపోయి అడుక్కి దిగుతాయి. మోటారు పీల్చేది అడుగు నుంచే! పాత రబ్బరు గొట్టాలు కూడా మెత్తబడి పాడవుతాయి. గడువు లోపల మోటారు చెడితే, ‘మీరు పోసిన పెట్రోలు వల్లే’ అని కంపెనీ చేతులు దులుపుకునే అవకాశం ఉంది. అందుచేత ఈ మోడలు 20 శాతం ఇథనాలుకు పనికొస్తుందని బిల్లు మీదే రాయించుకోవాలి. రాయనంటే కొనవద్దు.

సర్కారు లెక్క కూడా చూద్దాం. ఆంధ్రప్రదేశ్ లో వేట పడవలకు లీటరుకు 9 రూపాయల రాయితీ 2019లో ప్రకటించారు. అది డీజిలు మీద ఇచ్చేది. పెట్రోలుకు మారినవాడు ధర ఎక్కువైన ఇంధనం కొంటూ రాయితీ కూడా పోగొట్టుకుంటాడు. 2020లో మొదలైన మత్స్య సంపద యోజన కింద ఇచ్చే సాయం ధరలో 40 శాతం, దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు 60 శాతం. మిగిలింది తెచ్చుకోవలసింది అప్పే. బ్యాంకు గుమ్మం ఎక్కలేనివాడు చేపల సావుకారి దగ్గరికి పోతాడు. సావుకారి అప్పుకు వడ్డీ ఒక్కటే కాదు, పట్టిన చేప అతనికే, అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. నెలకు మిగిలే పెట్రోలు ఖర్చు కన్నా ఇలా పోయేది ఎక్కువైతే కొత్త మోటారు వల్ల లాభమేముంది? సహాయం యంత్రానికి కాక ఇంధనానికి, అది పెట్రోలైనా డీజిలైనా సరే ఇవ్వాలనీ, ప్రతి రేవులోనూ విడిభాగాలతో మరమ్మతు కేంద్రం పెట్టాలనీ మత్స్యకార సంఘాలు గట్టిగా అడగాలి. కేరళలో కిరసనాయిలు మోటార్లు నమ్ముకున్నవాళ్లు 2022లో ఆ ధర పెరిగేసరికి ఎంత ఇబ్బంది పడ్డారో చూశాం.

బ్యాటరీ మోటార్ల గురించి కూడా కొందరు అడుగుతున్నారు. లీటరు డీజిల్లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. 10 లీటర్లు పోస్తే ఇంజను అందులో పావు వంతు, అంటే 25 యూనిట్లు పంకాకు అందిస్తుంది. అంత పని చేసే లిథియం బ్యాటరీ సుమారు 200 కిలోలుంటుంది. నడిసముద్రపు వేటకు ఇప్పట్లో కుదరదు. కొల్లేరు, పులికాట్ లలో, గోదావరి పాయల్లో దగ్గరి దూరాలకు మాత్రం ఆలోచించవచ్చు. కేరళలో వైకోం దగ్గర 2017 నుంచి సౌరశక్తి పడవ జనాన్ని దాటిస్తోంది.

లెక్క చూసి, ఇవన్నీ చూసుకుని కూడా కొనదలచినవాళ్లకు రెండు మాటలు. మొదటి ఆయిలు మార్పు 20 గంటలకు, తరవాత ప్రతి 100 గంటలకు తప్పదు. గేరు ఆయిలు తీసినప్పుడు పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీళ్లు చేరినట్టు, మర్నాడు వేటకు పోవద్దు. పెద్ద సర్వీసులన్నీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడే చేయించుకోవాలి. పాత డీజిలు ఇంజనును మాత్రం డీలరు ఇచ్చే ఎక్స్చేంజి ధరకు ఆశపడి వదిలేయకండి. కొత్తది కనీసం ఒక ఏడాది వేట చేసి నిలబడేదాకా అది ఇంట్లోనే ఉండనివ్వండి.