తాతగారి రంపం మిషను: కట్టే ముందు ఒక్క మాట



రైల్వేలోనో, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లోనో, ఆర్టీసీ వర్క్‌షాపులోనో ముప్ఫై ఏళ్లు పనిచేసి ఇంటికొచ్చిన మనిషికి చేతులు ఊరికే ఉండవు. అలాంటి పెద్దాయన మీ ఇంట్లో ఉంటే, ఒకరోజు యూట్యూబ్ చూసి "దుంగలు కోసే బ్యాండ్ సా మనమే కట్టేద్దాం" అనొచ్చు. మీ అమ్మాయో అబ్బాయో ఆ మాటకు ఎగిరి గంతేస్తారు. వద్దని కొట్టిపారేయకండి. ఎనిమిది నుంచి పది తరగతుల ఫిజిక్స్‌లో సగం ఆ ఒక్క యంత్రంలో ఉంది. అలాగని వెంటనే సరే అని కూడా అనకండి.

ముందు ఆ యంత్రం సంగతి. పాత రోజుల్లో దుంగను ఎత్తు మీద పెట్టి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి పెద్ద రంపం లాగేవారు. సామిల్లులో అయితే దుంగను ట్రాలీ మీద బిగించి, నిలువుగా తిరిగే రంపం మీదికి తోస్తారు. ఇంట్లో కట్టుకునే రకంలో దుంగ కదలదు, రంపమే పట్టాల మీద నడుస్తుంది. రెండు చక్రాలు, వాటి చుట్టూ బిగించిన పళ్ల ఉక్కు పట్టీ, తిప్పడానికి మోటారో ఇంజనో, ఎత్తు మార్చే స్క్రూ... చూడ్డానికి ఇంతే. ఈ ఆలోచనకు విలియం న్యూబెరీ ఇంగ్లాండులో 1808లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ పట్టీ రెండు కొసలనూ తెగకుండా అతికించడం అప్పట్లో కుదరలేదు. 1846లో ఫ్రాన్సులో క్రెపాఁ అనే ఆవిడ అతుకు సమస్యను తీర్చాకే ఈ రంపం పనిలోకి వచ్చింది.

గుండ్రటి రంపం ఉండగా ఇదెందుకు? పొదుపు కోసం. పెద్ద గుండ్రటి రంపం ఒక్కో కోతకు సుమారు 6 మిల్లీమీటర్ల కలపను పొట్టు చేస్తుంది. సన్నటి పట్టీ 2 మిల్లీమీటర్లతో సరిపెడుతుంది. పది కోతలకు తేడా 40 మిల్లీమీటర్లు, అంటే ఒకటిన్నర అంగుళాల పలక మిగిలినట్టే.

సామాను విషయంలో విజయవాడ వాళ్లది అదృష్టం. 1966 నుంచి ఉన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వడ్రంగులు, వెల్డర్లు, లేత్ షాపులు, పాత ఇనుము కొట్లు అన్నీ పక్కపక్కనే. చక్రాలకు పాత కారు వీళ్లు వాడేవారున్నారు, పెద్ద వీ-బెల్టు పుల్లీలు వాడేవారున్నారు. పుల్లీ గాడిలో బెల్టు కాస్త పైకి ఉబ్బి ఉంటుంది, పట్టీ ఆ ఉబ్బు మీద నడుస్తుంది. చక్రం అంచు మధ్యలో కొంచెం ఎత్తుగా ఉంటే పట్టీ పక్కకు జారిపోకుండా మధ్యకే వస్తుంది. ఎందుకలా? ఈ ప్రశ్న పిల్లలకు వదిలేయండి, వారం రోజులు ఆలోచిస్తారు.

లెక్కలూ పిల్లలతోనే చేయించండి. చక్రం వ్యాసం 48 సెంటీమీటర్లు, నిమిషానికి 1000 చుట్లు అనుకుందాం. చుట్టుకొలతను చుట్లతో గుణించి 60తో భాగిస్తే సెకనుకు 25 మీటర్లు, అంటే గంటకు 90 కిలోమీటర్లు. చక్రాల మధ్య దూరం 1.25 మీటర్లయితే పట్టీ పొడవు సుమారు 4 మీటర్లు. అది సెకనుకు ఆరుసార్లకు పైగా తిరుగుతుంది, ప్రతి చుట్టులో రెండుసార్లు వంగుతుంది. గంటకు దాదాపు 45 వేల వంపులు! ఇనుప తీగను అటూ ఇటూ వంచితే చివరికి పుటుక్కుమంటుంది కదా, పట్టీకీ అంతే. పదును పోయినా పోకపోయినా ఒకరోజు అది తెగుతుంది. హైవే మీద కారు వేగంతో తిరిగే నాలుగు మీటర్ల ఉక్కు పట్టీ తెగితే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే చక్రాలకు నాలుగు వైపులా గట్టి రేకు కవచం లేకుండా, చెయ్యి తీస్తే ఆగిపోయే స్విచ్ లేకుండా ఈ మిషనును ఒక్కసారి కూడా ఆన్ చేయకూడదు. ట్రయల్ కోసమైనా సరే. యూట్యూబ్ వీడియోల్లో చాలాసార్లు కనిపించనిది ఈ కవచమే.

చాలామంది మరిచిపోయేది దుంగ బరువు. మూడు మీటర్ల పొడవు, అర మీటరు అడ్డం ఉన్న పచ్చి వేప దుంగ అర టన్ను వరకూ తూగుతుంది. దొర్లితే తాతగారు ఆపలేరు, మీరూ ఆపలేరు. గొలుసు, కప్పీ, రెండు వైపులా చెక్క ఆనింపులు తప్పనిసరి.

ఇక అనుమతులు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలా, గాలివానకు పెరట్లో చెట్టు పడిపోవచ్చు. అది వేరు. నిలబడి ఉన్న చెట్టును కొట్టాలంటే సొంత స్థలమైనా 2002 నాటి వాల్టా చట్టం వర్తిస్తుంది. మిల్లు సంగతి ఇంకా గట్టిది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వుల తర్వాత దేశమంతటా సామిల్లులపై నియంత్రణ బిగుసుకుంది. 2016లో కేంద్రం కలప ఆధారిత పరిశ్రమలకు మార్గదర్శకాలు ఇచ్చింది. "అమ్మడానికి కాదండీ, ఇంటికే" అన్నంత మాత్రాన అది అనుమతి అయిపోదు. ఇనుము కొనక ముందే అటవీ శాఖ డివిజనల్ ఆఫీసుకు వెళ్లి, రాతపూర్వకంగా అడగండి. కుదరదంటే దుంగను లైసెన్సున్న సామిల్లులో కోయించుకుని, ఇంట్లో పలకల పని మాత్రమే చేసే చిన్న నిలువు బ్యాండ్ సా గురించి అక్కడే అడగండి. నన్నడిగితే మొదటిసారి కట్టేవారికి అదే మేలు. చక్రాలు, బిగింపు, లెక్కలు అన్నీ అవే, దుంగ బరువు మాత్రం ఉండదు.

కోతకు ముందు దుంగను మెటల్ డిటెక్టరుతో ఒకసారి చూడాలి. రోడ్డు పక్క వేపచెట్టయితే మరీను. దాని ఒంటినిండా మేకులుంటాయి (ట్యూషన్ బోర్డులు, అడ్మిషన్ బోర్డులు... మా రంగం వాళ్ల చలవే). ఒక్క మేకు తగిలితే పళ్లన్నీ పోతాయి. కొబ్బరి మొద్దు పైభాగం గట్టి, లోపలంతా మెత్తన, దానితో మొదలుపెట్టకండి.

మిషను నడుస్తున్నంతసేపూ పిల్లలు ఆ పెరట్లోనే ఉండకూడదు. కిటికీలోంచి చూడనివ్వండి. ఆ తర్వాత కూడా పొట్టు ఊడ్చే పని వాళ్లకు అప్పగించకండి. చెక్క ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. నడిపేవారికి ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, చెవులకు మఫ్స్ ఉండాలి.

పిల్లల అసలు పని కోత అయ్యాక మొదలవుతుంది. పచ్చి పలక కొసలకు పెయింటు వేయాలి, లేకపోతే కొసలే ముందు ఆరి పగుళ్లిస్తాయి. పలకల మధ్య సమానమైన సన్నటి బద్దలు పెట్టి, నీడలో, గాలి తగిలేచోట దొంతర పేర్చాలి. ఎంత ఎత్తులో అన్నది 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు చూసిన సింగ్‌నగర్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గాలికి ఆరడానికి అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందని వడ్రంగుల లెక్క. మన పక్కనే కొండపల్లిలో బొమ్మలు చేసేవారు తెల్ల పొణికి కర్రను సన్నటి సెగ మీద తడి పోయేదాకా ఆరబెట్టాకే ఉలి పడతారు. రంపపు పొట్టును కూడా వాళ్లు పారేయరు. చింతగింజల పొడితో కలిపి మక్కు చేసి, బొమ్మకు చేతులూ కాళ్లూ అతికిస్తారు.

దొంతరలోంచి చేతితో ఎత్తగలిగిన ఒక చిన్న పలకను ఎంచి, దాని మీద తేదీ రాయించండి. ప్రతి ఆదివారం మీ అమ్మాయి తాతగారితో కలిసి దాన్ని తూచి, గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టాలి. మొదట్లో గీత గబగబా కిందికి దిగుతుంది, నెలలు గడిచేకొద్దీ మెల్లబడుతుంది. వానాకాలంలో కొంచెం పైకి లేస్తే తూకంలో తప్పు వచ్చిందనుకోవద్దు, చెక్క గాలిలోని తేమను తిరిగి తాగుతోందన్నమాట. ఆ గ్రాఫు వచ్చే ఏడాది సైన్స్ ఫెయిర్‌కు పట్టుకురండి, పలకతో సహా.