ఫొటో ఫిల్ము నుంచి రక్తనాళాల్లోకి

డాక్టర్లు ఐసీజీ అని పొట్టిగా పిలిచే ఇండోసయనిన్ గ్రీన్ పుట్టింది ఆసుపత్రి కోసం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొడాక్ పరిశోధనశాలలో, ఫొటోగ్రఫీ అవసరాలకు తయారైన రంగు అది.

1950లలో మేయో క్లినిక్‌లో ఇర్విన్ ఫాక్స్, ఎర్ల్ వుడ్ గుండె నిమిషానికి ఎంత రక్తం తోడుతుందో కొలిచే పనిలో ఉన్నారు. రక్తంలో రంగు కలిపి, అదెంత పలచబడిందో చూస్తే లెక్క తేలుతుంది. చిక్కల్లా హిమోగ్లోబిన్‌తోనే. ఆక్సిజన్ ఉంటే ఒకలా, లేకపోతే ఇంకోలా కాంతిని పీల్చుకుంటుంది. దాదాపు 805 నానోమీటర్ల దగ్గర మాత్రం రెండూ సమానం. సరిగ్గా ఆ చుట్టుపక్కలే కాంతిని పీల్చే రంగు వాళ్లకు కొడాక్‌లో దొరికింది. 1959లో అమెరికా ప్రభుత్వ అనుమతి కూడా వచ్చేసింది.

విచిత్రమేమిటంటే, అప్పుడు వాళ్లకు కావలసింది అది పీల్చే కాంతే, వెదజల్లే కాంతి కాదు. ఐసీజీ వెలుగు 830 నానోమీటర్ల ప్రాంతంలో, అంటే పరారుణంలో ఉంటుంది. మన కంటికి ఆనదు. 1970లలో జాన్స్ హాప్కిన్స్‌లో రాబర్ట్ ఫ్లవర్ బృందం రెటీనా వెనకున్న రక్తనాళాలను ఫొటో తీయడానికి ఆ వెలుగును పట్టుకుంది. మంచి పరారుణ కెమెరాలు వచ్చాకే అది ఆపరేషన్ థియేటర్లలో నిలదొక్కుకుంది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది దాని స్వభావం. ఉత్త నీళ్లలో అంతంతమాత్రంగా వెలుగుతుంది. రక్తంలోకి వెళ్లి అల్బుమిన్‌ లాంటి ప్రోటీన్లను అంటిపెట్టుకోగానే వెలుగు పెరుగుతుంది. అలాగని మోతాదు దాటి చిక్కబరిస్తే పెరగాల్సింది తగ్గుతుంది: అణువులు గుంపు కట్టి ఒకదాని వెలుగును ఒకటి మింగేస్తాయి. నీళ్లలో నిలవా ఉండదు. పొడిని కలిపాక 6 గంటల్లోపు వాడేయాలి.

పేగులో చెడ్డ భాగం కోసేసి, మిగిలిన కొసలు కలిపి కుట్టే ముందు సర్జన్‌కు ఒకటే బెంగ: ఇక్కడికి రక్తం అందుతోందా? సిరలోకి ఐసీజీ ఎక్కిస్తారు. కాసేపట్లోనే తెరమీద పేగు మెరుస్తూ వస్తుంది. ఓ కొస నల్లగానే ఉండిపోతే, మెరిసే చోటిదాకా వెనక్కి జరిపి కోస్తారు. పైకి రెండూ ఒకేలా గులాబీరంగులో కనిపించినా సరే.

రక్తంలో ఈ రంగు సగానికి తగ్గడానికి మూడు, నాలుగు నిమిషాలు చాలు. కాలేయం దాన్ని పట్టి పైత్యరసంలోకి వదిలేస్తుంది. అందుకే పిత్తాశయం ఆపరేషన్‌కు చాలామంది సర్జన్లు కొన్ని గంటల ముందే ఐసీజీ ఎక్కిస్తారు. కత్తి పట్టే వేళకు కాలేయంలో మెరుపు తగ్గి, పొరపాటున కూడా కోయకూడని పైత్యనాళం విడిగా కనిపించాలని.