హామ్ పొట్లము వెనుకనున్న చిన్న యక్షరములు

మేమింగ్లండునకు వచ్చి నాలుగేండ్లయినది. మావారిచ్చట నొక పాఠశాలలో గణితము బోధించుచున్నారు. మధ్యాహ్నమున రొట్టెముక్కల నడుమ హామ్ పెట్టుకొని తినుట ఆయనకును, తొమ్మిదేండ్ల మా పిల్లవానికిని అలవాటయినది. హామ్ అనగా ఉప్పు పట్టించిన పందితొడ మాంసము. మన ఊరగాయవలెనే నిలువయుంచుటకై పుట్టినది. పోయిన యేడు వైద్యుడు మావారి రక్తపుపోటు చూచి, ఉప్పు తగ్గింపుమనెను. నేను వెంటనే ఆవకాయజాడీ నటక యెక్కించితిని. మూడు నెలలైనను పోటు తగ్గలేదు. అప్పుడుగాని నాకు హామ్ పొట్లమును వెనుకకు త్రిప్పి చదువవలెనను బుద్ధి పుట్టలేదు. అంతవరకు వెల చూచుటయే నా నేర్పు!

విదేశమున కాపురముండు సోదరీమణులకు ఉపయోగపడునని నేను తెలిసికొన్నది వ్రాయుచున్నాను.

టెస్కో, సెయిన్స్‌బరీస్, ఆల్డీ, లిడ్ల్ వంటి పెద్ద దుకాణములు తమ పేరిటనే హామ్ అమ్మును. దానిని సాధారణముగా వేరొక కర్మాగారమువారు చేసియిత్తురు. పొట్లముపై కోడిగ్రుడ్డు ఆకారముగల ముద్రలో దేశపు గుర్తును, కర్మాగారపు సంఖ్యయు నుండును. ఒకమారు రెండు దుకాణముల పొట్లములపై ఒకే సంఖ్య కనుగొని యబ్బురపడితిని. అంతమాత్రమున రెండును ఒకటేయని తలపరాదు. ఒకే వంటయింట పులుసును చారును రెండును కాగుచుండును గదా!

అసలు హామ్ అను పేర రెండు విరుద్ధపదార్థము లమ్ముచున్నారు. ఒకదానినుండి నీరు తీసివేయుదురు. రెండవదానికి నీ రెక్కింతురు. స్పెయిను దేశపు సెరానో మొదటి తెగది. తొడను ఉప్పులో కప్పి, పిదప గాలికి వ్రేలాడదీసి ఆరబెట్టుదురు. ఐరోపా కూటమి 1999లో నమోదుచేసిన పద్ధతినిబట్టి దానికి కనీసము 7 నెలల కాలము పట్టవలెను, బరువులో మూడవవంతు తగ్గవలెను. ఇటలీవారి పార్మా హామ్‌లో మాంసమును ఉప్పును దప్ప వేరేమియు చేరదు. మామిడిముక్కలు ఉప్పులో ఊట దిగుట యెరిగిన మనకు ఈ విద్య క్రొత్తది కాదు.

రొట్టెలో పెట్టుకొను చవుకరకము రెండవ తెగది. ఉప్పునీటిని సన్నని సూదులతో మాంసములోని కెక్కించి, దొర్లించి, ఉడికింతురు. కొన్నింటిని చిన్నముక్కలను అచ్చులో నదిమి, ఒకే తొడ కోసినట్లు కనబడునట్లు చేయుదురు. చేర్చిన నీరు నూటికి 5 పాళ్లు మించినచో ఆ మాట పేరుతోపాటే వ్రాయవలెనని చట్టము. ముక్కలు కూర్చినదైనను అట్లే చెప్పవలెను. చెప్పుదురు, కాని యెంత చిన్న యక్షరములలో!

కావున బరువునకు వెల చూచుట చాలదు, మాంసమునకు వెల చూడవలెను. కిలో 6 పౌండ్ల పొట్లములో మాంసము నూటికి 80 పాళ్లే యనుకొందము. అప్పుడు కిలో మాంసమునకు ఏడున్నర పౌండ్లు పడును. కిలో 8 పౌండ్లదానిపై “100 గ్రాముల హామ్‌కు 110 గ్రాముల మాంసము” అని యున్నచో, పడునది 7 పౌండ్ల 27 పెన్నీలు మాత్రమే. మావారీ లెక్క సరిచూచి, “ఇన్నాళ్లు మనము నీళ్లు కొంటిమి” అనిరి.

ఉప్పు సంగతి వేరు. 100 గ్రాములకు ఒకటిన్నర గ్రాము మించినచో ఇచ్చటి పొట్లములపై ఎఱ్ఱగుర్తు వేయుదురు. నేను చూచిన హామ్‌లలో అది లేనిది లేదు. ఎండినదానిలో ఉప్పు రెండింతలున్నను, ముక్క పలుచన గనుక తినునది తక్కువ. పెద్దలకు దినమునకు 6 గ్రాములు, ఏడు మొదలు పదేండ్ల పిల్లలకు 5 గ్రాములు మించరాదని ఇచ్చటి ఆరోగ్యశాఖ మాట. రొట్టెలోని యుప్పును ఇందులోనిదే. పైగా ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధకులు 2015లో ఇట్టి మాంసము దినమునకు 50 గ్రాములు తినినచో పెద్దప్రేవుల క్యాన్సరు అపాయము, ఉన్నదానిపై నూటికి 18 పాళ్లు పెరుగునని తెలిపిరి. ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ప్రతి యుదయము పిల్లవాని డబ్బాలో దానిని సర్దినది నా చేతులే.

ఇప్పుడు దుకాణపు సొంతపేరిటిదే, నీరు చేర్చని నడిమిరకము కొని, వారమునకు రెండు దినములు పెట్టుచున్నాను. తక్కిన దినములలో గ్రుడ్డో, శనగలో. పిల్లవాడు మొదట మూతి ముడిచెను గాని, శనగలలో నిమ్మరసము పిండినప్పటినుండి డబ్బా ఖాళీగానే వచ్చుచున్నది. సెరానో పండుగకే. దాని యంచుముక్కలను పారవేయక చిక్కుడుగింజలతో ఉడికించి, వేరే ఉప్పు వేయకుండ దింపుదును.