పాత ఇల్లు బాగుచేసి అమ్ముతున్నారా? రంగులకన్నా ముందు సెప్టిక్ ట్యాంకు చూడండి

పొలంతో పాటు వచ్చిన పాత ఇంటిని బాగుచేయించి అమ్మేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. నేనూ ఒకటి చేయిస్తున్నా. టైల్స్ వేశాక మురుగు లైను తవ్వాల్సి వస్తే రెండు ఖర్చులూ మన మీదే పడతాయి. అందుకే మొదటి పని ట్యాంకుదే. మూత తీశాక ఏం చూడాలో పై వీడియోలో ఉంది, వివరంగా ఇక్కడ రాస్తున్నా.

అది ట్యాంకేనా?
పల్లెల్లో చాలా ఇళ్ళకి సిమెంటు ఒరలు దింపిన గుంతే ఉంటది. అడుగు ఉండదు, మురుగు నేరుగా భూమిలోకి దిగుతది. అసలు ట్యాంకులో మడ్డి అడుగున పేరుకుంటది, తెట్టు పైన తేలుతది, మధ్య నీళ్ళే ఇంకుడు గుంతకి పోతాయి.

లోపం ఎక్కడ?
• బయటికెళ్ళే పైపు మట్టం దాకా నీళ్ళుంటే అది లోపం కాదు, ట్యాంకు ఎప్పుడూ అలాగే ఉంటది.
• అంతకంటే పైకి ఉంటే ఆ పైపో, ఇంకుడు గుంతో మూసుకుపోయినట్టు.
• వాడుతున్నా ఆ మట్టానికి రాకపోతే ట్యాంకు కారుతోంది.
• ఖాళీ చేయించాక, వాడకపోయినా నీళ్ళు పెరుగుతుంటే భూమి ఊట లోపలికొస్తోంది.

జీవామృతం పోస్తే సరిపోదా?
మనవాళ్ళు తరచూ అడిగేది ఇదే. సరిపోదు. ట్యాంకులో కావాల్సిన సూక్ష్మజీవులు మలంతోనే వస్తాయి. పేడ, శనగపిండి, మట్టి పోస్తే మడ్డి ఇంకా పెరుగుతది. యాసిడ్, బ్లీచింగ్ మాత్రం అతిగా పోయకండి, ఉన్న సూక్ష్మజీవులు చస్తాయి. రెండు మూడేళ్ళకోసారి మడ్డి తీయించడమే మార్గం. ఆ మడ్డిని కూరగాయల మళ్ళలో పోయించకండి, అందులో ఏలికపాముల గుడ్లు చాలాకాలం బతికే ఉంటాయి.

మనిషిని దింపొద్దు
లోపలి విషవాయువులకి క్షణాల్లో స్పృహ పోతది. కాపాడబోయి దిగినవాళ్ళూ పోతారు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మెషీన్ బండినే పిలవండి. దగ్గరికి అగ్గి తేవొద్దు.

అమ్మేముందు
తాగునీటి బావి, బోరు నుంచి ఇంకుడు గుంత కనీసం 18 మీటర్లు, అంటే 60 అడుగుల దూరంలో ఉండాలి. లేకపోతే గుంత మార్చండి, లేదా కొనేవాళ్ళకి ముందే చెప్పండి. రేపు ఆ నీళ్ళు తాగేది వాళ్ళ పిల్లలు. మూత ఎక్కడుందో, లైను ఎటు పోయిందో గీసిన కాగితం, మడ్డి తీయించిన రసీదు తాళాలతో పాటే ఇవ్వండి. బేరం గట్టిగా నిలబడేది అక్కడే.