తాళానికి వేలు దొరికిన కథ

1897లో వకీలు వృత్తి వదిలేసిన అర్దేశిర్ గోద్రెజ్ బొంబాయి లాల్‌బాగ్‌లో తాళాల తయారీ మొదలుపెట్టాడు. అదే ఏడు కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పుట్టింది. దాని ఘనత పోలీసు ఉన్నతాధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది గానీ, కూర్చుని లెక్క తేల్చింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు పోలీసు ఉద్యోగులు. పది వేళ్ల ముద్రలను 1,024 గళ్లలో సర్దే ఉపాయం హక్‌ది. ఈ రెండూ ఒకే తలుపు మీదికి రావడానికి వందేళ్లు పట్టింది. ఇప్పుడు కరీంనగర్‌లో కొత్త ఇల్లు కట్టే అన్నదమ్ములు టైల్స్‌తో పాటు స్మార్ట్ తాళం గురించీ వాదించుకుంటున్నారు.

నడుమ ఒక నార్వే మనిషి ఉన్నాడు, టోర్ సోర్నెస్. 1970లలో హోటళ్ల కోసం 32 రంధ్రాలుండే ప్లాస్టిక్ కార్డుతో తెరుచుకునే తాళం చేశాడు. అతిథి మారినప్పుడల్లా కార్డు మారుతుంది, తాళం అక్కడే ఉంటుంది. అంతకుముందు తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్లది. సోర్నెస్ తర్వాత, పేరు జాబితాలో ఉన్నవాళ్లదే గది. ఉమ్మడి ఇంటికి తాళం కొనేవాళ్లు బేరమాడవలసింది ఈ జాబితా గురించే. ఉక్కు మందం గురించి దుకాణం వాళ్లు ఎలాగూ చెబుతారు.

“కరెంటు పోతే ఎట్ల?” అని పెద్దవాళ్లు మొదట అడుగుతారు. ఏమీ కాదు. ఇలాంటి తాళాలు ఎక్కువగా నాలుగు పెన్సిల్ సెల్లుల మీద నెలల తరబడి నడుస్తాయి. మోటారు గడియను లాగదు కాబట్టే అది సాధ్యం. వేలు సరిపోగానే టిక్కుమని ఒక చిన్న పిన్నును జరిపి, అప్పటిదాకా ఊరికే తిరుగుతున్న బయటి పిడిని లోపలి ఇరుసుకు కలుపుతుంది. గడియను లాగేది పిడి వంచే మన చెయ్యే. సెల్లులు పూర్తిగా అయిపోతే బయట నుంచి తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఆనించడానికో, పవర్‌బ్యాంకు పెట్టడానికో చోటు ఉంటుంది. అది లేని తాళం కొనకండి. మామూలు తాళంచెవి రంధ్రం కూడా లేకపోతే అసలే వద్దు.

అసలు చిక్కు వేలి దగ్గర వస్తుంది. సెన్సరు పలక మీద కంటికి కనిపించనంత చిన్న లోహపు గళ్లు వేలల్లో ఉంటాయి. వేలి గీతల గట్టు పలకకు తగిలిన చోట విద్యుదావేశం ఒకలా, గీతల మధ్య గాలి ఉన్న పల్లంలో మరోలా నిలుస్తుంది. ఆ తేడాలోంచి గీతలు ఎక్కడ ఆగాయో, ఎక్కడ చీలాయో చిప్ లెక్కగట్టుకుంటుంది. గట్లు అరిగితే ఈ లెక్క తప్పుతుంది. ఆదిలాబాద్ అడవుల్లో ఎండాకాలం తునికాకు కోసేవాళ్లను, జగిత్యాల, కరీంనగర్ పల్లెల్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లను చూడండి. ఆకును చుట్టి, కొసను బొటనవేలితో నొక్కి మడిచే చోటే వేలికొన నున్నగా అవుతుంది. రేషన్ షాపులో వేలు పడక నిలబడిన అత్తకు సొంత గుమ్మంలోనూ అదే పరీక్ష పెట్టడం నాకు నచ్చదు. ఆదిలాబాద్ చలికాలం మరీ పొడి; అప్పుడు పడుచువాళ్ల వేళ్లకూ తిరస్కారం తప్పదు. ఒక్కొక్కరివి రెండు మూడు వేళ్లు, ఒకసారి కడుక్కున్నాక, ఒకసారి పొడిగా ఉన్నప్పుడు నమోదు చేయించాలి. పెద్దవాళ్లకు కొంగున కట్టుకునే కార్డు ఇవ్వాలి. దుకాణంలో ముందు వాళ్ల వేలే పెట్టించి చూడాలి, కుర్రాళ్లది కాదు.

రెండో చిక్కు ఫోన్‌లో ఉంది. 2016లో ఆంథొనీ రోజ్, బెన్ రామ్సే అనే ఇద్దరు పరిశోధకులు 16 బ్లూటూత్ తాళాలను పరీక్షిస్తే 12 తెరుచుకున్నాయి. కొన్ని పాస్‌వర్డ్‌ను దాపరికం లేకుండా గాల్లోకి వదిలాయి. కానీ మన ఇళ్లలో దొంగకంటే ముందు ఆలోచించాల్సింది ‘లాగ్’ గురించి. వైఫై తాళం ప్రతి రాకనూ పేరుతో, టైముతో రాసిపెడుతుంది. గల్ఫ్ వలసలున్న జిల్లాల్లో దానర్థం తేలిగ్గానే తెలుస్తుంది: కోడలు ఎన్ని గంటలకు వచ్చిందో దుబాయ్‌లో ఉన్న భర్తకు తాళం గంట కొట్టి మరీ చెబుతుంది. అమ్మ ఇల్లు చేరిందని తెలుసుకోవడం వేరు, భార్యకు హాజరు వేయడం వేరు. నేనైతే వైఫై లేనిదే కొంటాను. అడ్మిన్ అధికారం మాత్రం ఆ ఇంట్లో ఉండేవాళ్లలో ఇద్దరికి ఇస్తాను, అందులో ఒకరు ఆడవాళ్లు. కిరాయిదారు వెళ్లిన రోజే అతని వేలు చెరిపేసే పని వాళ్లది.

కొనేముందు తలుపు కొలవండి. పాత ఇళ్ల రెండు రెక్కల టేకు తలుపులకు, ఒంటి రెక్క కోసం చేసిన తాళాలు చాలావరకు పట్టవు. వానాకాలం చెక్క ఉబ్బితే గడియ చట్రంలో బిగుసుకుంటుంది, పిడి ఎంత వంచినా కదలదు. వడ్రంగి ఒక గంట కూర్చుని రంధ్రం సరిచేస్తే పోయేదానికి కంపెనీ మనిషిని పిలవనక్కర్లేదు. వడ్రంగి వచ్చినప్పుడు పెరటి తలుపు కూడా చూపించండి. ముందు తలుపుకు వేలల్లో ఖర్చుపెట్టిన ఇళ్లలో అక్కడ రెండు స్క్రూల మీద నిలిచిన గొళ్ళెమే ఉంటుంది.