మరుపుకి ఇరవై ఏళ్ల ముందు

డెబ్బై దాటిన పెద్దాయన మనవడి పేరు తడుముకుంటే, భోజనం చేశానా అని గంటకోసారి అడుగుతుంటే ఇంట్లోవాళ్లు అనే మాట ఒకటే: "వయసు మీద పడింది, అంతే." ఆ మాటలో ఓర్పు ఉంది గానీ, నిజం సగమే ఉంది. వయసు జ్ఞాపకాన్ని కాస్త మందగింపజేస్తుంది; మనిషిని తనకు తానే పరాయిని చేసేది మాత్రం జబ్బు. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు పరీక్షించిన అగస్టె డీటర్ వయసు 51, ముసలితనం అనలేని వయసు. భర్త పేరేమిటంటే ఆమె తన పేరే చెప్పింది. మాంసం, కాలీఫ్లవర్ తింటూ, ఏం తింటున్నావని అడిగితే పాలకూర అంది. 1906లో ఆమె చనిపోయాక అల్జీమర్ ఆ మెదడు ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే నాడీకణాల బయట గడ్డలు, లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. ఆయన పేరుతోనే అల్జీమర్స్ అంటున్న ఆ జబ్బుకు ఈనాటికీ అవే ముఖ్యమైన ఆనవాళ్లు.

ఆ గడ్డలు అమైలాయిడ్ బీటా అనే ప్రోటీన్ తునకలవని, ఆ పోగులు టౌ అనే ప్రోటీన్‌వని 1980ల్లో తేలింది. ఈ రెండూ బయటి నుంచి వచ్చిన విషాలు కావు, ఆరోగ్యవంతుల మెదడులోనూ తయారయ్యేవే. చాలా ప్రోటీన్లు పని చేయాలంటే సరిగ్గా మడతపడాలి. మడత చెడితే పని ఆగడమే కాదు, అవి ఒకదానికొకటి అతుక్కోవడం మొదలవుతుంది. టౌ సంగతే చూడండి. నాడీకణం నుంచి బయలుదేరే పొడవాటి తంతువులో సన్నటి గొట్టాల వెంట సరుకులు ఆ చివరిదాకా వెళతాయి. ఆ గొట్టాలను కుదురుగా నిలిపేది టౌ. దానికి ఫాస్ఫేట్లు మితిమీరి అంటుకుంటే గొట్టాన్ని వదిలేసి మెలిపడిపోతుంది. రవాణా కుంటుపడుతుంది, కణానికీ కణానికీ మధ్య సంబంధాలు తెగుతాయి. పైగా ఒక ప్రోటీన్ చెడు మడత పక్కదానికీ పాకుతుంది. ప్రోటీనే జబ్బును వ్యాపింపజేయగలదని, అలాంటిదాన్ని ప్రయాన్ అనాలని 1982లో స్టాన్లీ ప్రూసినర్ అన్నప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. 1997లో అదే పనికి నోబెల్ వచ్చింది. పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ ఇలాగే ముద్దకడుతుంది. అలాగని రోగిని తాకితేనో, సేవ చేస్తేనో అల్జీమర్స్, పార్కిన్సన్స్ అంటుకోవు.

మరి ఎప్పుడూ తయారయ్యే ప్రోటీన్ వయసు మళ్లాకే ఎందుకు పేరుకుంటుంది? అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2010లో ఒక జవాబు చూపారు. అల్జీమర్స్ రోగుల్లో అమైలాయిడ్ తయారీ ఆరోగ్యవంతుల్లో లాగానే ఉంది. తొలగింపు మాత్రం దాదాపు 30 శాతం మందగించింది. పూడిక తీయని కాలువకు ఎగువ నుంచి వచ్చే మట్టి పెరగనక్కర్లేదు, ఏళ్లు గడిస్తే చాలు, చివరి పొలం ఎండుతుంది. కణం తన చెత్తను తానే అరిగించుకునే పద్ధతి ఒకటి ఉంది. దాని గుట్టు విప్పినందుకే యోషినోరి ఓసుమీకి 2016లో నోబెల్ ఇచ్చారు. మైక్రోగ్లియా అనే కాపలా కణాలు గడ్డలను మింగుతాయి. వయసు పెరిగేకొద్దీ ఈ ఏర్పాట్లన్నీ నెమ్మదిస్తాయి; కాపలా కణాలే వాపు రేపి హాని చేస్తాయి. చర్మంలో పాత కణం పోతే కొత్తది వస్తుంది. నాడీకణాల్లో చాలావాటికి ఆ వీలు లేదు, జీవితమంతా అవే పనిచేయాలి.

గడ్డలే కారణమైతే, గడ్డలున్నా తెలివి చెడనివాళ్ల మాటేమిటి? న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో 678 మంది క్రైస్తవ సన్యాసినులు పాల్గొన్న నన్ స్టడీలో, మెదడు నిండా జబ్బు గుర్తులున్నా చివరిదాకా చురుగ్గా ఉన్నవాళ్లు కనిపించారు. లెకనెమాబ్ అనే మందు గడ్డలను చాలావరకు తుడిచేసినా రోగులు కోలుకోలేదు. 18 నెలల్లో క్షీణత 27 శాతం నెమ్మదించిందంతే. అందుకని అమైలాయిడ్ కథే తప్పనడం తొందరపాటు. దాని తయారీ తగ్గించే అరుదైన జన్యుమార్పు ఉన్న ఐస్‌లాండ్ వాసులకు ఈ జబ్బు నుంచి రక్షణ ఉందని 2012లో తేలింది. అమైలాయిడ్‌కు మూలమైన జన్యువు ఒకటి అదనంగా ఉండే డౌన్ సిండ్రోమ్‌లో నలభై ఏళ్లకే దాదాపు అందరి మెదళ్లలో గడ్డలు కడతాయి. అంటే అమైలాయిడ్ మొదలుపెడుతుంది, టౌ పాకాక జ్ఞాపకం కూలుతుంది. ఈ రెంటి మధ్య పదిహేను, ఇరవై ఏళ్లు గడుస్తాయి. మందు వేసేసరికి తొలి దశ ఎప్పుడో దాటిపోయి ఉంటోంది.

రాత అలా ఉంటే ఏం చేస్తామనేవాళ్లూ ఉన్నారు. అయితే తప్పకుండా జబ్బు తెచ్చే జన్యులోపాలు అల్జీమర్స్ రోగుల్లో నూటికి ఒకరికి మించి ఉండవు. ఏపీఓఈ4 అనే జన్యురూపం ముప్పు పెంచుతుందే తప్ప ఖాయం చేయదు. బీపీ, షుగర్, పొగతాగడం, చెవుడు, ఒంటరితనం వంటి 14 కారణాలను సరిదిద్దితే డిమెన్షియాలో, అంటే మతి క్షీణించే జబ్బుల్లో, 45 శాతం దాకా ఆపడమో, వెనక్కి నెట్టడమో సాధ్యమని 2024 లాన్సెట్ కమిషన్ లెక్కగట్టింది. మన హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఇంకో కోణం చూపింది: రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, చదువు రానివారిలో కూడా. ఇది పరిశీలనే, తిరుగులేని రుజువు కాదు. అయినా వాడుకలో ఉన్న మెదడు నష్టాన్ని ఎక్కువకాలం తట్టుకుంటుందన్న ఆలోచనకు బలమిస్తుంది.

మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. వీరిని కేవలం వయసు పైబడినవారిగా చూస్తే రెండు విధాల నష్టం. బీ12 లోపం, థైరాయిడ్ వంటి నయమయ్యే కారణాలతో వచ్చిన మరుపు కూడా పరీక్ష లేకుండా మిగిలిపోతుంది. నలభైల్లో ఉన్నవాళ్లు తమ బీపీ మాత్రకూ రేపటి జ్ఞాపకశక్తికీ సంబంధం చూడరు. మెదడు క్షీణత ముసలితనంలో బయటపడుతుంది గానీ మొదలయ్యేది నడివయసులోనే. కాబట్టి పెద్దలను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే కొడుకులూ కూతుళ్లూ అదే రోజు తమ బీపీ, షుగర్ కూడా చూపించుకోవాలి.