పెద్దల చేతిలో సెల్‌ఫోను: అడ్డంకి వయసా, లిపియా?

వయసు మళ్ళినవారు సెల్‌ఫోను పట్టుకొని తడబడితే "ఈ వయసులో వారికి ఇదెలా వస్తుంది" అనడం పిన్నలకు పరిపాటి. పెద్దలు సైతం "మాకెందుకులే" అని తప్పుకొంటారు. నిదానించి పరిశీలిస్తే, సరిహద్దు గ్రామాలలో ఈ వెనుకంజకు వయసు ఒక్కటే కారణం కాదని తెలుస్తుంది.

మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31న జరిగింది. నేడు డెబ్బై దాటినవారు అప్పటికే నలభైకి చేరువైనవారు, లేదా దాటినవారు. అయినప్పటికీ మీటల ఫోనును వారు చక్కగానే నేర్చుకొన్నారు. పచ్చ మీట నొక్కితే మాట, ఎర్ర మీట నొక్కితే ముగింపు. మీట ఎక్కడుందో వేలికి గుర్తుండేది. తాకుతెర ఫోనులో ఆ గుర్తు పనికిరాదు. బొమ్మల చోటు మారుతుంది, అక్షరం చిన్నది, కాయకష్టంతో మొద్దుబారిన వేలికి తెర ఒక్కోసారి పలకదు.

లిపి చిక్కు

అసలు చిక్కు చదవడంలో ఉంది. బ్యాంకు సందేశం ఇంగ్లీషులోనో, ఆ రాష్ట్ర భాషలోనో వస్తుంది. తెలుగు, కన్నడ లిపులు దగ్గరివి కనుక బాగేపల్లి వైపు పెద్దలు కన్నడాన్ని కొంత కూడబలుక్కోగలరు. హోసూరులో తమిళం, రాయగడలో ఒడియా రానివారికి ఆ వెసులుబాటు లేదు. ఇక మనుమల సంగతి. తమిళనాడులో 2006 నాటి చట్టం ఒకటవ తరగతి నుండి తమిళాన్ని తప్పనిసరి చేసింది. అందువల్ల ఒకే ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడుతున్నా, అవ్వ వ్రాసినది మనుమడు చదవలేడు, మనుమడు వ్రాసినది అవ్వ చదవలేదు.

దీనికి కొంత పరిష్కారం ఫోనులోనే ఉన్నది. మన దేశంలో అమ్మే ఫోన్లు 22 భారతీయ భాషల అక్షరాలను చూపగలగాలని 2016లో ప్రమాణం నిర్ణయించారు. సెట్టింగ్స్‌లోని భాషల విభాగంలో తెలుగును ఎంచుకొంటే ఫోనులోని సూచనలు చాలావరకు తెలుగులో కనిపిస్తాయి. అక్షరాల పరిమాణాన్నీ సెట్టింగ్స్‌లోనే పెంచుకోవచ్చు. తెలుగులో పలికితే అక్షరాలుగా మార్చే సదుపాయాన్ని గూగుల్ 2017లో చేర్చింది. చదువు రానివారికి వాట్సాప్‌లో గొంతు సందేశం ఉండనే ఉన్నది. దానికి లిపితో పని లేదు. అవ్వకూ మనుమడికీ నడుమ తెగిన తీగను అది కలుపుతుంది.

మోసానికి దారి

సందేశం చదవలేనివారు ఫోనును ఇతరుల చేతికి ఇవ్వవలసి వస్తుంది. మోసగాళ్ళకు అదే అవకాశం. పెద్దలకు ముందుగా నేర్పవలసినవి నాలుగు సంగతులు:

1. ఓటీపీని ఫోనులో అడిగినవారికి చెప్పరాదు. బ్యాంకువారు దానిని అడగరు.
2. 2016లో వచ్చిన యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. డబ్బు రావడానికి పిన్ అడిగారంటే అది మోసమే.
3. పోలీసులమని చెప్పి వీడియోలో "డిజిటల్ అరెస్టు" చేశామంటే నమ్మరాదు. చట్టంలో అటువంటిది లేదు.
4. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే, ఆ సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ. రాష్ట్ర భాష వచ్చినవారిని పక్కన ఉంచుకోవడం మేలు.

పింఛనుదారులకు

2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ వలన పింఛనుదారులు ఆధార్ ద్వారా జీవన ధ్రువీకరణ పత్రం సమర్పించవచ్చు. వేలిముద్రలు అరిగినవారికి ఇబ్బంది కలుగుతుండగా, 2021లో ముఖాన్ని గుర్తించే పద్ధతి వచ్చింది. ఇంట్లో ఒక స్మార్ట్‌ఫోను ఉంటే కార్యాలయం మెట్లెక్కే శ్రమ తప్పుతుంది.

నేర్పే పద్ధతి

పిల్లలు సాధారణంగా ఫోను లాక్కొని, గబగబా నొక్కి, తిరిగి ఇచ్చేస్తారు. పని జరుగుతుంది గాని చదువు జరుగదు. ఫోను పెద్దల చేతిలోనే ఉండాలి. వేలు వారిదే కావాలి. రోజుకు ఒక్క పని చాలు, దానినే మూడు నాలుగు మార్లు చేయించాలి. ఆ మెట్లను పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచాలి. పిల్లలకు తెలుగు వ్రాయడం రాకపోతే అవ్వాతాతలే చెప్పి వ్రాయించవచ్చు. ఆ విధంగా పెద్దలకు ఫోనూ, పిన్నలకు అక్షరాలూ ఒక్కసారే అబ్బుతాయి.